తాళాలు ఇచ్చే ముందు

మాది బోరిగుమ్మ, 26వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. పెళ్లికో, విశాఖ ఆస్పత్రికో ఇరుగుపొరుగు కారు అడిగితే కాదనలేం. "డ్రైవరుకి ఇన్సూరెన్సు ఉందిలే" అంటారు. కానీ మన దేశంలో థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చేసేది బండికే గాని నడిపేవాడికి కాదు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇన్సూరెన్సు లేని బండిని ఇంకొకరికి నడపనివ్వడమూ నేరమే. మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదంలో ఎవరైనా పోతే పరిహారం యజమాని నెత్తిన పడుతుంది.

పాలసీ ఉన్నా, లైసెన్సు ఉందో లేదో చూడకుండా లేనివాడికి తాళాలిస్తే, కంపెనీ బాధితులకి కట్టిన సొమ్ము యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే.

అందుకే ఇంట్లో చెప్పండి: ముందు మన పాలసీ గడువు, అతని లైసెన్సు చూడాలి. మొహమాటానికి పోతే పొలం అమ్ముకోవాల్సి రావచ్చు.