తాడు లాగే ముందు

గోనెసంచి తీయగానే బల్లి ఒకటి పరుగెత్తింది. కింద ఇంజన్.

కోనసీమలో మా పెదనాన్న గారి పశువులపాకలో, కొబ్బరి డొక్కల గుట్ట వెనక, ఇరవై ఏళ్లకు పైగా అది అలాగే ఉండిపోయింది. ఒకప్పటి ఆకుపచ్చ రంగు మూలమూలల్లో మిగిలింది. తక్కినదంతా తుప్పు, జిడ్డు, మట్టి. ప్లగ్గు పక్కన కందిరీగ గూడు కట్టింది. ముందున్న రేకును తడిగుడ్డతో తుడిస్తే ‘విల్లియర్స్’ అన్న అక్షరాలు బయటపడ్డాయి. ఆ పేరు పెదనాన్న నోట నేనెప్పుడూ వినలేదు. ఆయనకు అది ‘కిరసనాయిలు మిషను’. నారుమళ్లకు కాలవ నీళ్లు తోడింది, వర్షాలకు మునిగిన చేలోంచి నీళ్లు బయటికి తోడింది అదే.

“తుక్కువాళ్లు కిలో లెక్కన అడుగుతున్నార్రా. ఇచ్చేయమంటావా?” అన్నాడు.

ఇవ్వొద్దన్నాను. వెంటనే పుల్లీకి తాడు చుట్టాను. ఒక్క లాగు లాగి చూద్దామని చేతులు ఆగడం లేదు. నాతో వచ్చిన మేస్త్రి నా మణికట్టు పట్టుకుని ఆపాడు. “ఆగండి బాబూ. ముందు దాని కడుపులో ఏవుందో చూద్దాం.”

పాత ఇంజన్ల పిచ్చి ఉన్న ప్రతివాళ్లకూ ఆ మాట మొదటి రోజే చెప్పాలి. ఏళ్ల తరబడి మూలన పడున్న చిన్న ఇంజన్‌ను చూడగానే అందరి కళ్లూ పిస్టన్ మీదికి పోతాయి, కార్బొరేటర్ మీదికి పోతాయి. ట్యాంకు వైపు ఎవరూ చూడరు. పైకి డొక్కు రేకుపెట్టెలా కనిపిస్తుంది కదా! నేను చూసినంతలో ఇలాంటి ఇంజన్లు అరిగిపోయి ఆగినవి తక్కువ. ట్యాంకులో పాతబడిపోయిన పెట్రోలు వల్ల ఆగినవే ఎక్కువ. ఆ ట్యాంకు కడగకుండా తాడు లాగితే అందులోని తుప్పంతా ఒక్క నిమిషంలో జెట్లలోకి దిగుతుంది.

బెల్లం పాకం, ఇటుక పొడి

ఈ ఇంజన్ ట్యాంకు చూడటానికి ఒకటే, లోపల రెండు గదులు. చిన్న గదిలో పెట్రోలు, పెద్ద గదిలో కిరసనాయిలు. చల్లగా ఉన్న ఇంజన్‌లో కిరసనాయిలు ఆవిరి కాదు, అందుకని మంట అందుకోదు. పెట్రోలుతో లేపి, సిలిండర్ వేడెక్కాక ట్యాపు తిప్పి కిరసనాయిలు మీదికి మార్చాలి. పెట్రోలు ఖరీదు, కిరసనాయిలు చవక అయిన రోజుల్లో రైతుకు ఇదెంత వెసులుబాటో చెప్పక్కర్లేదు.

మేస్త్రి చిన్న గది మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, నాకూ చూపించాడు. పెట్రోలు వాసన లేదు. పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఘాటుగా, పుల్లగా ఉంది. టార్చి వేస్తే అడుగున ముదురు పాకం పట్టిన బెల్లంలా గోధుమరంగు జిగురు. పెద్ద గదిలో సంగతి వేరు. కిరసనాయిలు ఏనాడో పోయింది. అడుగున నీటి చెమ్మ, దాని చుట్టూ ఇటుక పొడిలా తుప్పు.

ఇలా ఎందుకవుతుందంటే, పెట్రోలు అనేది ఒక్క పదార్థం కాదు, తేలికవీ బరువైనవీ కలిసిన మిశ్రమం. తేలికవి ముందు ఎగిరిపోతాయి. ఇంజన్ సులువుగా లేవడానికి పనికొచ్చేవి అవే. మిగిలినదానికి గాలి తగిలి తగిలి జిగురు కడుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఇంకో పని కూడా జరుగుతుంది. రాత్రి చల్లబడగానే లోపలి గాలిలోని తేమ రేకుకు పట్టి బొట్లు బొట్లుగా కిందికి జారుతుంది. నీళ్లు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడే కూర్చుంటాయి. ట్యాంకులకు చిల్లులు ఎప్పుడూ అడుగు అతుకుల దగ్గరే ఎందుకు పడతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. బండినో ఇంజన్‌నో చాలాకాలం వాడకుండా ఉంచాలంటే ట్యాంకు అంచుదాకా నింపాలి, లేదా పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాలి. సగం సగం పనికిరాదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలుతో ఈ బెడద ఇంకా పెరిగింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మార్కెట్లోకి వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లనూ వెంటబెట్టుకుని పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. పాతకాలపు రబ్బరు పైపులకూ వాషర్లకూ అది పడదు. కాబట్టి పాత ఇంజన్‌ను బాగుచేసే వాళ్లు పైపులు, వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేసుకోవాలి, అంచుదాకా నింపినా సరే, వాడని ట్యాంకులో ఈ పెట్రోలును వారాల తరబడి ఉంచకూడదు.

ముప్ఫై నట్లు

పాకలోంచి ట్యాంకును విప్పి కొబ్బరిచెట్టు కిందికి తెచ్చాం. మొదట జిగురు పోవాలి. జిడ్డు కింద ఉన్న తుప్పుకు ఏ పులుసూ అంటదు. మరిగిన నీళ్లలో బట్టల సోడా కలిపి పోసి, మూత బిగించి, ఊపి, పారబోసి, మళ్లీ పోశాం. మూడోసారికి గానీ గోధుమరంగు తగ్గలేదు. మొండికేసిన జిగురుకు థిన్నరు పట్టించాల్సి వచ్చింది. ఈ పనంతా ఆరుబయటే చేశాం. బీడీ కాల్చేవాళ్లను దరిదాపులకు రానివ్వలేదు.

తరవాత నట్లు. తుప్పు పెచ్చులు రాలాలంటే లోపల ఏదో ఒకటి దొర్లాలి. గులకరాళ్లు వేస్తే పగిలి ముక్కలు లోపలే ఉండిపోతాయి. పెద్ద బోల్టులు వేస్తే పాత రేకు ట్యాంకు మాట్లు ఊడతాయి. మేస్త్రి సంచిలోంచి చిన్న నట్లు తీసి నా చేతిలో పోసి “లెక్కపెట్టండి” అన్నాడు. ముప్ఫై. కొన్ని నీళ్లు పోసి, ట్యాంకును పాత దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను ఊపినట్టు ఇద్దరం వంతులవారీగా ఊపాం. ఎర్రనీళ్లు వచ్చాయి. పారబోసి మళ్లీ ఊపాం. నట్లు బయటికి తీసి లెక్కపెడితే ఇరవై తొమ్మిది. ఆ ఒక్కదాని కోసం అరగంట తలకిందులు చేశాం. చివరికి ట్యాపు బిగించే బెజ్జం అంచున ఇరుక్కుని దొరికింది. ఆ నట్టు లోపలే ఉండిపోతే పెట్రోలు దారికి అడ్డం పడి, ఇంజన్ ఎందుకు ఆగుతోందో తెలియక నెలల పాటు కార్బొరేటర్ విప్పుకుంటూ ఉండేవాళ్లం.

ఆ తరవాత నిమ్మఉప్పు. లీటరు గోరువెచ్చటి నీళ్లకు వంద గ్రాముల లెక్కన కలిపి ట్యాంకు గొంతుదాకా నింపి, మూత వదులుగా పెట్టి, ఒక రాత్రి వదిలేశాం. పొద్దున చూస్తే ఎరుపు పోయి బూడిదరంగు రేకు కనిపించింది. ఇది నెమ్మది పులుపు. తుప్పును తింటుంది, రేకు జోలికి అంత తొందరగా పోదు. అలాగని మరిచిపోయి నాలుగైదు రోజులు వదిలేస్తే రేకూ దానికి లొంగుతుంది. పని చూస్తున్న మా పెద్దమ్మ “చింతపండు పెట్టి తోమితే సరిపోయేది కదరా” అంది. ఆవిడ మాట అబద్ధం కాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చేసేదీ అదే పని. ట్యాంకుకు పట్టేంత పులుసు పిసకలేక మేం ఇత్తడి ట్యాపును మాత్రం ఆవిడ చేతిలో పెట్టాం. పది నిమిషాల్లో దేవుడి గదిలో దీపపు కుందిలా తెచ్చి ఇచ్చింది.

పులుపు తీశాక వంటసోడా నీళ్లతో విరగ్గొట్టాలి. మంచినీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. ఈ ‘వెంటనే’ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పొర పోయిన తడి ఇనుము మన కళ్లముందే, పావుగంటలో, నారింజరంగు తిరుగుతుంది. మా మేనకోడలి హెయిర్ డ్రయ్యర్ అడిగి తెచ్చి లోపలికి వేడిగాలి కొట్టాం. ఆరగానే కాస్త ఇంజన్ ఆయిలు పోసి అన్ని మూలలకూ పట్టేలా తిప్పాం.

కరెంటుతో తుప్పు వదిలించే పద్ధతీ ఉంది. ట్యాంకు నిండా బట్టల సోడా నీళ్లు, మధ్యలో రేకుకు తగలకుండా ఇనుప కడ్డీ. బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగ ట్యాంకుకు, పాజిటివ్ కడ్డీకి. తుప్పు బాగా ముదిరిన ట్యాంకుకు నేను ఇదే మేలంటాను. అయితే హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి బయట, నిప్పుకు దూరంగా చేయాలి. కడ్డీ మామూలు ఇనుముదే కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలుది పెడితే నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది.

బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు. నాకు 1970ల నాటి యెజ్డీ ఒకటి ఉంది. మైసూరు ఫ్యాక్టరీలో 1961 నుంచి జావాలు, ఆ తరవాత యెజ్డీలు, మొత్తం 1996 దాకా తయారయ్యాయి. గేరు లివరే కిక్కు లివరుగా మారే బళ్లు అవి. దాని ట్యాంకు కడగమని ఒక షాపులో ఇస్తే గంటలో ‘మెరిపించి’ ఇచ్చారు. యాసిడ్ పోశారు. అడుగున సూదిమొన పాటి చిల్లులు పడితే అవి కనబడకుండా లోపల సీలెంటు పూశారు. ఏడాది తిరిగేసరికి ఆ పూత పాలమీగడలా పొరలు పొరలుగా లేచి ట్యాపు జాలీని మూసేసింది. ఆ పొరలన్నీ వదిలించడానికి పట్టిన కాలం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అలాంటి ట్యాంకు మళ్లీ ఆ బండికి దొరకదు.

మా విల్లియర్స్ ట్యాంకుకూ ఒక చిల్లు బయటపడింది. మాటు వేయాలి. ఇక్కడ నేను గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ల నుంచి ఏడున్నర పాళ్ల దాకా ఉంటే చాలు, చిన్న రవ్వకు పేలుతుంది. ఎన్నిసార్లు కడిగినా అతుకుల్లో దాక్కున్న పెట్రోలు వేడి తగిలితే ఆవిరవుతుంది. మేస్త్రి ట్యాంకును బోర్లించి, చిల్లుకు రెండు వేళ్ల కింది దాకా నీళ్లు నింపి, దగ్గర మంట లేకుండా, కాల్చిన కడ్డీతో తగరం కరిగించి మాటు వేశాడు. వెల్డింగ్ కావాలంటే ట్యాంకుల పని తెలిసినవాళ్ల దగ్గరికే పోవాలి.

ఇంగ్లండులో పుట్టి, కాలవగట్టు చేరి

విల్లియర్స్ కంపెనీది ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్. 1898లో సైకిళ్ల విడిభాగాలతో మొదలై 1912లో ఇంజన్లలోకి వచ్చింది. మోటారు సైకిళ్లు, గడ్డికోత యంత్రాలు, నీటి పంపులు, దేనికి కావాలన్నా ఇంజన్ ఇచ్చేది. 1956లో తమ ఇరవై లక్షలవ ఇంజన్‌ను లండన్ సైన్స్ మ్యూజియానికి బహూకరించింది. మన దేశంలో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఆ ఇంజన్లను తయారుచేయడంతో అవి మన కాలవగట్ల దాకా వచ్చాయి.

ఈ ఇంజన్‌లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది మాగ్నెట్. బ్యాటరీ లేదు. ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు కాయిల్ పక్కనుంచి తిరుగుతుంటే కరెంటు పుడుతుంది, పాయింట్లు విడిపోయిన క్షణంలో ప్లగ్గు దగ్గర రవ్వ ఎగురుతుంది. ఇరవై ఏళ్ల తరవాత పాయింట్ల మీద పట్టిన పొరను సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోలులో ముంచిన తెల్లకాగితం మధ్యలో లాగితే మళ్లీ నీలిరవ్వ వచ్చింది. ఎగ్జాస్ట్ వాల్వు ఒకటి పైకి లేచి బిగుసుకుపోయింది. హెడ్డు విప్పి, వాల్వు కాడ చుట్టూ డీజిలు చుక్కలు వేసి, సుత్తి జోలికి పోకుండా వారం రోజులు ఓపిక పట్టాం. క్రాంక్‌కేసులోని నూనె నీళ్లలా పలచబడి కిరసనాయిలు వాసన వేస్తోంది. మార్చేశాం.

విడిభాగాల కోసం ఆటోనగర్ తిరిగాను, పుత్లీబౌలి తిరిగాను. విల్లియర్స్ అనగానే కుర్ర షాపువాళ్లు నా మొహం చూశారు. లోపల కూర్చున్న పెద్దాయన మాత్రం లేచి అటక మీద డబ్బా వెతికాడు. ఇలాంటి వాళ్లు ఉన్నన్నాళ్లే ఈ ఇంజన్లు. మన సొంత బండి సువేగ సంగతే చూడండి. ఫ్రాన్స్‌కు చెందిన మోటోబెకాన్ సహకారంతో తిరుపతిలో మోపెడ్స్ ఇండియా తయారుచేసిన మోపెడ్ అది. పెట్రోలు అయిపోతే సైకిల్లా తొక్కుకుంటూ ఇంటికి పోయేవాళ్లు. ఎంతమంది బడిపంతుళ్లు, పోస్టుమాన్లు దాని మీద తిరిగారో! ఇవాళ చక్కగా నడిచే సువేగ ఒకటి చూడాలంటే ఊళ్లు వెతకాలి. యాభై ఏళ్లు దాటిన బళ్లకు 2021లో కేంద్రం వింటేజ్ గుర్తింపు తెచ్చింది. నంబరు ప్లేటులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి, అసలు రూపం మార్చకూడదు, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. మంచిదే. కానీ పొలం ఇంజన్‌కు అలాంటి గుర్తింపేమీ లేదు. దాన్ని తుక్కు కాటా ఎక్కనివ్వకుండా ఆపాల్సింది ఆ ఇంటివాళ్లే.

రంగు వేద్దామా వద్దా అని మేస్త్రికీ నాకూ వాదన జరిగింది. ఆయన కొత్తదానిలా చేయాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. తాడు రాపిడికి నున్నబడిన పుల్లీ అంచు, చెయ్యి ఆనీ ఆనీ ట్యాంకు మీద ఆకుపచ్చ రంగు చెరిగిపోయిన చోటు, ఇవి మా ఇంటివి. పైన నూనెగుడ్డతో తుడిచి వదిలేశాం.

నాలుగో ఆదివారం పొద్దున ఇంజన్‌ను చెరువుగట్టు మీద పెట్టాం. చిన్న గదిలో కొత్త పెట్రోలు, పెద్ద గదిలో వెతికి వెతికి సంపాదించిన రెండు లీటర్ల కిరసనాయిలు. తాడు నేనే లాగాను. ఏడెనిమిది లాగులకు ఒకసారి తుమ్మింది. చోక్ సగం తెరిచి మళ్లీ లాగితే అందుకుంది. ముందు తెల్లపొగ, తరవాత ఆ చప్పుడు. కొట్టంలోంచి దూడ అరిచింది. కాసేపయ్యాక మేస్త్రి ట్యాపు మార్చాడు. చప్పుడు కాస్త బొంగురుపోయి నిలకడకొచ్చింది. పైపు గుక్కిళ్లు మింగి నీళ్లు కక్కింది.

పెదనాన్న అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఇక ఆపుదామని నేను ప్లగ్గు వైపు చెయ్యి పెడుతుంటే లేచి వచ్చాడు. నన్ను పక్కకు జరిపి, ట్యాపును చూడకుండానే వేళ్లతో తడిమి మళ్లీ పెట్రోలు వైపు తిప్పాడు. చప్పుడు మారేదాకా చెవి ఒగ్గి నిలబడ్డాడు.

“కార్బొరేటర్లో కిరసనాయిలు ఉంచి ఆపితే రేపు లేవదురా,” అన్నాడు.