నిలువు గీత వంకరగా కనిపిస్తే జాగు చేయరాదు
ముసలితనపు మసక అంతా మోతిబిందు కాదు. కంటి సూదిమందుతో మిగిలిన చూపు దక్కుతుంది

ధర్మసాగర్: చెరువు కట్టమీద కూర్చున్న ముసలాయనకు పక్కన మేసే గొర్రెలు కనిపిస్తాయి. ఎదురుగా నిలబడి "తాతా" అని పిలిచే మనుమడి మొఖం మాత్రం కనిపించదు. గొంతును బట్టి పోల్చుకోవలసిందే. బియ్యంలో రాళ్లు ఏరే అవ్వకు చాట అంచు కనిపిస్తుంది గాని నడుమ ఉన్న రాయి కనిపించదు. "మోతిబిందు వచ్చినట్టుంది, వరికోతలు అయినంక దవాఖానకు పోదాం" అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు. నిజంగా మోతిబిందే అయితే నెలో, రెండు నెలలో ఆగినా సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. కాని అది కంటి వెనుక తెరకు వచ్చిన జబ్బు అయితే, ఆ రెండు నెలల్లో పోయిన చూపు మళ్లీ రాకపోవచ్చు.

అద్దం వేరు, తెర వేరు

మోతిబిందులో కంటి ముందు భాగంలోని కటకం మసకబారుతుంది. ఆపరేషన్ చేసి కొత్త కటకం అమరిస్తే చూపు వస్తుంది. రెండో జబ్బు కంటి వెనుక ఉన్న తెరకు, అందులోనూ సరిగ్గా నడిమి చుక్కకు వస్తుంది. ఆ చుక్కను వైద్యులు మాక్యులా అంటారు. మొఖాలు గుర్తుపట్టడం, అక్షరాలు చదవడం, సూదిలో దారం ఎక్కించడం దాని పనే. సినిమాహాల్లో మెషీన్ అద్దం మసకబారితే మార్చవచ్చు. తెరకే నడుమ మచ్చపడితే అద్దం మార్చి లాభం లేదు.

యాభై ఏళ్లు దాటినవారిలో కనిపించే ఈ జబ్బు రెండు రకాలు. ఎక్కువమందికి వచ్చేది పొడి రకం. ఇది ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. రెండోది తడి రకం. ఇందులో తెర వెనుక కొత్త రక్తనాళాలు పిచ్చితీగల్లా మొలిచి నీరు, రక్తం కారుస్తాయి. కొద్ది వారాల్లోనే నడిమి చూపు దెబ్బతింటుంది. సూదిమందు పనిచేసేది ఈ తడి రకానికే. పొడి రకం ఉన్నవారికి కూడా ఎప్పుడో ఒకనాడు తడి రకంగా మారవచ్చు గనుక వారు కనిపెట్టుకుని ఉండాలి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారికి ఈ ముప్పు ఎక్కువ.

క్యాన్సర్ మందు కంటికి పనికివచ్చింది

పూర్వం ఈ రక్తనాళాలను లేజర్‌తో కాల్చేవారు. కాల్చినచోట తెరపై మచ్చ మిగిలేది. పెద్దపేగు క్యాన్సర్‌కు 2004లో అమెరికాలో అనుమతి పొందిన బెవాసిజుమాబ్ అనే మందు కొత్త రక్తనాళాలు మొలవకుండా ఆపుతుంది. ఆ మందునే కొద్దిపాటి మోతాదులో కంట్లోకి ఎక్కించి చూడవచ్చునని మియామీకి చెందిన కంటి వైద్యుడు ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ 2005లో చూపారు. కంటి కోసమే తయారైన రానిబిజుమాబ్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఆ ఏడాదే వెలువడిన ఒక పరిశోధనలో, ఏడాదిపాటు నెలనెలా రానిబిజుమాబ్ తీసుకున్నవారిలో నూటికి 95 మంది దాకా పెద్దగా చూపు కోల్పోలేదు. మందు ఇవ్వకుండా సూది వేసినట్లు మాత్రమే చేసినవారిలో అలా నిలబెట్టుకున్నది 62 మందే. బెవాసిజుమాబ్ ధర చాలా తక్కువ. అయినా రెండు మందులూ చూపు కాపాడటంలో సమానమేనని 2011లో అమెరికాలో జరిగిన పోలిక తేల్చింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బెవాసిజుమాబ్‌ను కంటికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. 2015లో మన దేశానికి చెందిన ఇంటాస్ కంపెనీ రానిబిజుమాబ్‌కు దీటైన మందును తక్కువ ధరకు తెచ్చింది.

కంట్లో సూది అంటే భయం

"కంట్లో సూదా?" అని వెనకడుగు వేసేవారే ఎక్కువ. అసలు జరిగేది ఇది. ముందుగా చుక్కలు వేసి కంటికి తిమ్మిరి ఎక్కిస్తారు. క్రిములు చచ్చే మందుతో కడుగుతారు. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. వెంట్రుకలాంటి సన్నని సూదితో నల్లగుడ్డు పక్కన తెల్లగుడ్డులోంచి మందు ఎక్కిస్తారు. ఎక్కించే మందు ఒక చుక్కంత. సూది లోపల ఉండేది కొన్ని క్షణాలే. కాస్త ఒత్తినట్లు అనిపిస్తుంది గాని పెద్ద నొప్పి ఉండదు. ఆనాడే ఇంటికి రావచ్చు.

తర్వాత కొన్నిరోజులు కన్ను నలపరాదు, మురికినీరు తగలనీయరాదు, నాట్లకు, చెరువు స్నానానికి పోరాదు. ఒకటి రెండు రోజులు ఎర్రగా ఉండటం మామూలే. నొప్పి పెరిగినా, ఎరుపు ఎక్కువైనా, చూపు తగ్గినా అదేరోజు వైద్యుని దగ్గరకు వెళ్లాలి. అరుదుగా లోపల చీము పట్టవచ్చు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఒక్క సూదితో పోదు

చేనుకు ఒక్కసారి కలుపు తీసి ఊరుకుంటే చాలదు. ఇదీ అంతే. సాధారణంగా మొదట నెలకొకటి చొప్పున మూడు సూదులు వేస్తారు. ఆ తర్వాత స్కానింగ్ చూసి ఎడం పెంచుతారు. కొందరికి ఏళ్ల తరబడి అవసరపడుతుంది. ఒకటి రెండు సూదులకు చూపు నిలకడగా ఉండగానే "బాగైంది" అని మానేయడం వల్లనే చాలామంది నష్టపోతున్నారు. మందు ప్రభావం తగ్గగానే రక్తనాళాలు మళ్లీ కారతాయి. వెళ్లిన ప్రతిసారీ బస్సు ఖర్చు, తోడు వచ్చేవారి ఒకరోజు కూలి నష్టం తప్పవు. కనుక మొదటిరోజే ఎన్ని సూదులు పడవచ్చునో, ఏ మందు వేస్తారో, ఎంత అవుతుందో, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవడం మేలు.

ఇంట్లోనే పరీక్ష

2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగులోను, 2023 జనవరి 18న మొదలైన రెండో విడతలోను ఊరూరా కళ్లు పరీక్షించి అద్దాలు ఇచ్చారు. అయితే ఈ జబ్బు అద్దాలతో తగ్గదు. ఆనాడు బాగున్న కన్ను ఈనాడూ బాగుందని అనుకోవడానికి వీల్లేదు.

పరీక్షకు ఖర్చు లేదు. ఒక కన్ను మూసి రెండో కంటితో దర్వాజ నిలువు కమ్మినో, కరెంటు స్తంభాన్నో చూడాలి. తర్వాత రెండో కన్ను. గీత వంకరపోయినా, విరిగినట్లున్నా, నడుమ నల్లమచ్చ కనిపించినా ఆ వారంలోనే కంటి వైద్యునికి చూపించాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను జబ్బుకన్నును దాచిపెడుతుంది. కనుక ఒక్కొక్క కన్నే చూసుకోవాలి.

ముందు పరీక్షకు వరంగల్‌లోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి దగ్గర. కంటితెర నిపుణుల అవసరం పడితే హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి ఆసుపత్రి, 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాల ఉన్నాయి. సూదిమందు పోయిన చూపును పూర్తిగా తెచ్చిపెట్టేది కాదు, ఉన్నదాన్ని నిలబెట్టేది. అందుకే వరికోతలు అయ్యేదాకా ఆగవద్దు. మనుమడి మొఖం ఇంకా కొంత కనిపిస్తున్నప్పుడే బస్సెక్కాలి.