ఆ చేతిలో ఎంతుంది?

గల్లీలో అందరికంటే వేగంగా బంతి వేసే కుర్రాడు ప్రతి కాలనీలోనూ ఒకడుంటాడు. 'మీవాడు ఇండియాకు ఆడతాడు చూడండి' అంటారు పక్కింటివాళ్లు. 'మంచి చెయ్యి' అంటాడు కోచ్. నమ్మొచ్చా? నమ్మితే దేన్ని చూసి నమ్మాలి?

ఆదివారం పొద్దున్నే పటాన్‌చెరు, ఇస్నాపూర్, రామచంద్రాపురం వైపు వెళ్లండి. కాస్త ఖాళీ జాగా ఉంటే చాలు... టెన్నిస్‌బాల్ క్రికెట్! సంగారెడ్డి దాకా ఇదే వరస. రాత్రి షిఫ్టు ముగించుకుని వస్తున్న నాన్నలు బండి ఆపి మరీ చూస్తుంటారు. అందులో ఒకరి అబ్బాయి వికెట్ ఎగరగొట్టాడంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఒకటే చర్చ. అకాడమీలో చేర్పించాలా? ఫీజు, బూట్లు, కిట్టు సంగతేంటి? పదో తరగతి ఏమైపోవాలి?

'పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది' అంటారు. బంతి విసిరే చేతుల విషయంలో మాత్రం ఈ సామెత అన్నిసార్లూ నిజం కాదు. అందుకు మనదేశంలోనే ఓ ఉదాహరణ ఉంది.

లక్ష డాలర్ల చెయ్యి

2008లో అమెరికా నుంచి వచ్చిన కొందరు మనదేశంలో ఓ పోటీ పెట్టారు. పేరు 'మిలియన్ డాలర్ ఆర్మ్'. బేస్‌బాల్‌ను వేగంగా, గురి తప్పకుండా విసిరేవాళ్లు కావాలి... అంతే! బేస్‌బాల్‌లో మన బౌలర్ లాంటివాణ్ని పిచర్ అంటారు. అతను పరుగెత్తుకుంటూ రాడు. ఉన్నచోటి నుంచే 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాటర్‌ వైపు విసురుతాడు. మోచెయ్యి ఎంతైనా వంచొచ్చు. అందుకే బౌలర్ల కంటే జావెలిన్ విసిరేవాళ్లకే అది బాగా అబ్బింది. ఉత్తరప్రదేశ్ కుర్రాడు రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు) గంటకు 87 మైళ్లు, అంటే 140 కిలోమీటర్ల వేగంతో విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. అతనితోపాటు దినేశ్ పటేల్ కూడా అమెరికా వెళ్లాడు. ఇద్దరూ అంతకుముందు బేస్‌బాల్ ఆడినవాళ్లే కాదు. అయినా అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు వాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఆ కథే 2014లో ఏఆర్ రెహమాన్ సంగీతంతో హాలీవుడ్ సినిమాగానూ వచ్చింది.

సినిమా అయిపోయాక ఏమైంది? దినేశ్‌ను రెండేళ్లకే జట్టు వదులుకుంది. రింకూ కింది స్థాయి లీగుల్లో కొన్నేళ్లు పట్టుదలగా ఆడాడు. ఆ తర్వాత గాయాలు వెంటాడాయి. చివరికి ఆట వదిలి డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలోకి వెళ్లాడు. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ మెట్టెక్కలేదు. లోపం వాళ్ల కష్టంలో లేదు. వేగం చేతిలో ఉంది కానీ, చిన్నప్పటి నుంచీ ఆడితే వచ్చే ఆట తెలివి లేదు. అది రెండుమూడేళ్లలో వచ్చేది కాదు.

ఒక్కో విద్యకు రెండు మార్కులు

అక్కడ కుర్రాళ్లను వెతికి పట్టే పని స్కౌట్లది. వాళ్ల మార్కులు 20తో మొదలై 80తో ముగుస్తాయి. మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడికి 50. తమాషా ఏమిటంటే... ప్రతి విద్యకూ రెండు మార్కులు వేస్తారు. ఒకటి ఇవాళ్టిది, ఇంకోటి రేపటిది! పదిహేడేళ్ల కుర్రాడి గురికి ఇవాళ 30 వేసి, రేపటికి 50 అని రాయొచ్చు. వేగం, గురి, బంతిని రకరకాలుగా తిప్పే నేర్పు... అన్నింటికీ విడివిడిగా మార్కులే. మన మైదానాల్లో మనం వేసేది ఒకే మార్కు. అదీ వేగానికే!

రాజ్‌కోట్‌తో అయిపోలేదు

రేపటి మార్కు అంటే ఏమిటో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. మన హైదరాబాదీ మహ్మద్ సిరాజ్‌ను చూస్తే చాలు. నాన్న గౌస్ ఆటో నడిపేవారు. సిరాజ్ టెన్నిస్ బంతితోనే ఎదిగాడు. 2015లో తొలి రంజీ మ్యాచ్ ఆడాడు. తర్వాతి సీజన్లో భరత్ అరుణ్ హైదరాబాద్‌కు కోచ్‌గా ఉన్నప్పుడు 41 వికెట్లు తీశాడు. 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొనుక్కుంది. అదే ఏడాది నవంబర్‌లో రాజ్‌కోట్‌లో భారత్ తరఫున తొలి టీ20. నాలుగు ఓవర్లలో 53 పరుగులు సమర్పించుకున్నాడు!

ఆ ఒక్క రాత్రిని చూసి తీర్పు చెప్పేసి ఉంటే? 2020 నవంబర్‌లో ఆస్ట్రేలియాలో ఉండగా నాన్న పోయారు. అయినా జట్టుతోనే ఉండిపోయాడు. డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో టెస్టుల్లోకి వచ్చాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు. 2025లో ఇంగ్లండ్‌తో అయిదు టెస్టుల్లోనూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు. లెక్కేస్తే 1113 బంతులు! 23 వికెట్లు. ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతో గెలిపించిన ఆఖరి వికెట్ కూడా అతనిదే. తొలి బంతికున్న ఊపును ఆఖరి బంతి దాకా నిలబెట్టుకోవడం... స్పీడ్‌గన్ కొలవలేని వేగం అది.

ఇంట్లో ఏం చూడాలి?

* ఆరో ఓవర్ చూడండి: మొదటి ఓవర్లో అందరూ వేగంగానే వేస్తారు. అలసిపోయాక కూడా పరుగు, కాలు మోపే తీరు, చెయ్యి తిరిగే తీరు మారకుండా ఉంటే అది అసలైన గుణం.

* సిక్స్ కొట్టించుకున్నాక చూడండి: తర్వాతి బంతిని కసికొద్దీ విసిరేస్తున్నాడా, ఆలోచించి వేస్తున్నాడా?

* నేర్చుకునే తీరు చూడండి: ఈ నెల చెప్పింది వచ్చే నెలకు ఆటలో కనిపిస్తోందా?

* వయసు, ఒడ్డూపొడుగూ చూడండి: పదమూడేళ్లకే మీసాలొచ్చినవాడి వేగం, ఇంకా ఎదగని పిల్లాడి వేగం ఒకటి కావు. ఇవాళ వెనకబడినవాడు రేపు దాటిపోవచ్చు.

* నొప్పిని దాస్తున్నాడేమో చూడండి: ఎదిగే వయసులో అతిగా బౌలింగ్ చేస్తే నడుము ఎముకలో సన్నటి పగుళ్లు రావొచ్చు. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో పిల్లలు ఆ సంగతి చెప్పరు. నడుంనొప్పి తగ్గకుండా ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే.

అమెరికాలో పిల్లల చేతులు పాడవకుండా బేస్‌బాల్ పెద్దలు 2014లో లెక్క కట్టి చెప్పారు. 13-14 ఏళ్ల పిల్లలు మ్యాచ్ రోజున 95 బంతులు మించి విసరకూడదు. 66 లేదా అంతకుమించి విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడమే మానెయ్యాలి. మరి మన దగ్గర? పొద్దున కాలనీ జట్టుకు, మధ్యాహ్నం స్కూలు జట్టుకు, సాయంత్రం అకాడమీకి... మూడుచోట్లా ఒకే చెయ్యి! ఆ బంతులు లెక్కపెట్టేవాళ్లెవరు? అమ్మానాన్నలే లెక్కపెట్టాలి. ఓ చిన్న నోటుపుస్తకం చాలు.

ఇక పదో తరగతి సంగతి... ఆట కోసం చదువు మాన్పించక్కర్లేదు. బౌలర్ అసలు బలం తెలిసేది ఒళ్లు పూర్తిగా ఎదిగాకే. అప్పటిదాకా పుస్తకాలూ బంతీ కలిసే నడవొచ్చు.

పటాన్‌చెరులోనే 1972 నుంచీ ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద అక్కడ పరిశోధనలు చేస్తారు. ఏ కొత్త వంగడాన్నీ ఒక్క పంట చూసి రైతు చేతికివ్వరు. వేర్వేరు నేలల్లో వేస్తారు, వానలు కురిసిన ఏడూ ఎండగట్టిన ఏడూ చూస్తారు. గింజకే అంత ఓపిక పడుతున్నప్పుడు, మన పిల్లాడికి నాలుగు సీజన్లు ఇవ్వలేమా?