కండరం చప్పుడు విన్న సూది

నరంలో కబురు ఎంత వేగంగా పోతుందో కొలవడం మనిషి తరం కాదని జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ ముల్లర్ నమ్మేవాడు. ఆ లెక్క తేల్చింది ఆయన శిష్యుడే. 1850లో కోనిగ్స్‌బర్గ్‌లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరానికి కండరం దగ్గర ఒకసారి, కాస్త ఎగువన ఒకసారి విద్యుత్తు తగిలించి, కండరం స్పందించడానికి పట్టిన కాలంలో తేడా చూశాడు. సెకనుకు సుమారు 27 మీటర్లని తేలింది. అంటే గంటకు వంద కిలోమీటర్లు కూడా లేదు!

ఇవాళ ఆసుపత్రుల్లో నరంలో కబురు వేగం కొలవడానికి చేసే ఎన్‌సీవీ టెస్టు మూలానికి వెళ్తే ఆ తీసివేత లెక్కే. మణికట్టు దగ్గర ఒక షాక్, మోచేతి దగ్గర ఇంకో షాక్. మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, కాలంలో వచ్చిన తేడాతో భాగిస్తారు. ఆరోగ్యంగా ఉన్న చేతి నరంలో ఈ వేగం సాధారణంగా సెకనుకు 50 మీటర్లు దాటుతుంది. చెయ్యి చల్లబడితే మాత్రం ఒక్కో డిగ్రీకి దాదాపు రెండు మీటర్లు పడిపోతుంది. బయట ఎండ ఎంత మండుతున్నా, ఏసీ గదిలో కూర్చున్న రోగి చేతిని ముందు వెచ్చబరచాలి. ఆ ఓపిక లేనిచోట లేని జబ్బు రిపోర్టుకెక్కుతుంది.

ఈ పరీక్షకు జోడు ఈఎంజీ, అంటే కండరంలోని విద్యుత్ సంకేతాలను వినే పరీక్ష. 1929లో ఏడ్రియన్, బ్రాంక్ అనే ఇద్దరు ఇంజెక్షన్ సూది లోపల సన్నని తీగను సూదికి తగలకుండా అమర్చి, దాన్ని కండరంలో గుచ్చి, వచ్చిన సంకేతాన్ని పెంచి లౌడ్‌స్పీకరుకు కలిపారు. తెరలు, కంప్యూటర్లు వచ్చినా ఆ సూది పోలేదు, ఆ స్పీకరూ పోలేదు. విశ్రాంతిగా ఉన్న మంచి కండరంలో ఏ చప్పుడూ ఉండదు. నరంతో సంబంధం తెగిన కండరంలో పోగులు వాటంతటవే రేకుల కప్పు మీద చినుకుల్లా టపటపమంటాయి. అయితే నరం తెగిన రోజే ఈ చప్పుడు వినపడదు, రెండు మూడు వారాలు ఆగాలి. తొందరపడి చేయించిన పరీక్షకు డబ్బు దండగ.

ఈ పరికరాన్ని ప్రయోగశాలలోంచి వార్డులోకి రప్పించింది రెండో ప్రపంచ యుద్ధం. గాయపడిన సైనికుడి చేతిలో నరం మళ్లీ మొలుస్తోందా, కోసి కుట్టాలా అన్నది పైనుంచి చూస్తే తెలియదు మరి.

నా మటుకు నాకు ఈ యంత్రం గొప్పతనం అరుదైన జబ్బుల దగ్గరే కనిపిస్తుంది. ఒకరికి మణికట్టు వాలిపోతుంది, వేళ్లు పట్టు తప్పుతాయి, చెయ్యి సన్నబడుతుంది, స్పర్శ మాత్రం చెడదు. చూడగానే మోటార్ న్యూరాన్ వ్యాధి అనిపిస్తుంది. అంటే నయం చేసే మందు లేనిది. కానీ మణికట్టు దగ్గర షాక్ ఇస్తే పెద్దగా వచ్చిన స్పందన మోచేతి పైన ఇస్తే సగానికి సగం పడిపోయిందనుకోండి, నరం చావలేదు, దారిలో ఎక్కడో కబురు ఆగిపోతోంది. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే ఈ జబ్బు 1988 ప్రాంతంలో విడిగా గుర్తింపు పొందింది. దీనికి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే చాలామందికి చేతిలో బలం తిరిగొస్తుంది. స్టెరాయిడ్లు ఇస్తే ఒక్కోసారి ఇంకా దిగజారుతుంది.

ఇంకొకరు కుర్చీలోంచి లేవలేరు, తొడల్లో సత్తువ ఉండదు, నోరు ఎండిపోతుంటుంది. వాళ్ల కండరం స్పందన మొదట చాలా చిన్నది. పది సెకన్లు గట్టిగా బిగించమని వెంటనే షాక్ ఇస్తే రెట్టింపు దాటుతుంది. కండరాలు ఊరికే అలసిపోయే మయస్థీనియా అనే జబ్బులోనైతే వరుస షాకులకు స్పందన తగ్గుతూ పోతుంది. 1956లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు లాంబర్ట్, ఈటన్, రూక్ వివరించినది, బిగిస్తే స్పందన పెరిగే ఆ మొదటి జబ్బును. ఈ రోగుల్లో దాదాపు సగం మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉంటుంది, తరచూ అప్పటికింకా బయటపడనిది. కాళ్ల కోసం వచ్చిన మనిషిని ఛాతీ స్కానుకు పంపించాల్సి వస్తుంది.

ఇంత చేసే యంత్రానికీ మంట తెలియదు. అది కొలిచేది నరంలోని లావు పోగులను. వేడి, చలి, పోటు కబుర్లు మోసేవి సన్న పోగులు. అవి మాత్రమే దెబ్బతింటే రాత్రంతా అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టుంటాయి, రిపోర్టు మాత్రం నార్మల్ అంటుంది. పైగా ఇంట్లోవాళ్లతో ‘ఏమీ లేదన్నారుగా’ అనిపించుకోవాలి. అలాంటప్పుడు నరాల డాక్టర్లు చీలమండకు పది సెంటీమీటర్ల పైన 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి, అందులో నరాల పోగులు ఎన్ని మిగిలాయో మైక్రోస్కోపు కింద లెక్కపెట్టిస్తారు.