తుపాను వార్తలో గాలి వేగము – మన లెక్కలోకి మార్చుకొనే విధము



బుచ్చయ్యపేట, చోడవరం ప్రాంతాల్లో ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చేసరికి చెరకు తలెత్తు దాటి ఉంటుంది. వరి పొట్టమీదనో, వెన్నుమీదనో ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు బలపడేదీ ఆ రోజుల్లోనే. అప్పుడు రేడియోలోను, టీవీలోను, చేతిలో ఉన్న ఫోనులోను గాలిని గురించిన వార్తలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒకరు గంటకు ఇన్ని కిలోమీటర్లంటారు. ఒకరు ఇన్ని నాట్లంటారు. మరొకచోట సెకనుకు ఇన్ని మీటర్లని ఉంటుంది. పెద్దవాళ్లు మైళ్లలో చెబుతారు. కుంచాల్లో చెప్పిన ధాన్యాన్ని మానికలనుకుంటే బేరం ఏమవుతుందో మీకు తెలుసు. గాలి లెక్కలోనూ అంతే. పైగా ఇక్కడ పోయేది ఒక బేరం కాదు, ఏడాది పంట.

నాట్లంటే వరి నాట్లు కావు సుమండీ! ఇది ఓడవాళ్ల కొలత. పూర్వం నావికులు ఒక తాడుకు సమానదూరంలో ముడులు వేసి, చివర చెక్క కట్టి సముద్రంలోకి వదిలేవారు. నియమిత కాలంలో ఎన్ని ముడులు చేతిలోనుంచి జారిపోయాయో లెక్కించి ఓడ వేగం తెలుసుకొనేవారు. ఇంగ్లీషులో ముడిని నాట్ అంటారు. ఆ మాటే కొలతకు పేరై నిలిచింది. ఒక నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు, అనగా 1,852 మీటర్లు. మన రోడ్డు మైలు 1,609 మీటర్లే. కనుక మైలు, నాట్ ఒకటే అనుకోరాదు. దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు నుంచి క్రమంగా అమలులోకి వచ్చి మైళ్లు పోయాయి గాని, సముద్రంమీద నాట్లు నిలిచే ఉన్నాయి.

ఇక మార్చుకొనే సులువు చూద్దాం. కాగితం, కలం అక్కరలేదు.

మొదటిది, నాట్లు. చెప్పిన అంకెను రెట్టింపు చేసి, వచ్చినదానిలో పదోవంతు తీసివేయండి. 40 నాట్లన్నారనుకోండి. రెట్టింపు 80, పదోవంతు 8 పోగా 72. అసలు లెక్క గంటకు 74 కిలోమీటర్లు. ఈ పద్ధతిలో కొద్దిగా తక్కువ వస్తుంది కనుక, ఒకటి రెండు కలుపుకొనే చూసుకోండి.

రెండవది, సెకనుకు మీటర్లు. నాలుగు రెట్లు చేసి పదోవంతు తీసివేయండి. సెకనుకు 10 మీటర్లంటే 40లోనుంచి 4 పోగా గంటకు 36 కిలోమీటర్లు. ఇది సరిగ్గా సరిపోతుంది. ఎందుకంటే గంటకు 3,600 సెకన్లు, కిలోమీటరుకు 1,000 మీటర్లు, కనుక 3.6తో హెచ్చించినట్టే.

మూడవది, మైళ్లు. ఉన్నదానికి సగమూ, పదోవంతూ కలపండి. 50 మైళ్లంటే 50, 25, 5 కలిసి 80 కిలోమీటర్లు.

ఈ తేడా ఎంత పని చేస్తుందో చూడండి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. దాని గరిష్ఠ వేగాన్ని వాతావరణ శాఖ 100 నాట్లుగా లెక్కకట్టింది. అంటే గంటకు 185 కిలోమీటర్లు. ఎవరైనా 100 అంకె విని, కిలోమీటర్లే కదా అనుకొంటే? గాలి వేగం రెట్టింపయితే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన 185 కిలోమీటర్ల గాలి, 100 కిలోమీటర్ల గాలికంటె మూడు రెట్లకు పైగా బలంతో పాకమీద, తోటమీద పడుతుంది.

వాతావరణ శాఖవారు గాలిని బట్టే పేరు పెడతారు. గంటకు 62 కిలోమీటర్లు, అనగా 34 నాట్లు అందుకొంటే తుపాను. 89 అందుకొంటే తీవ్ర తుపాను. 118 అందుకొంటే అతి తీవ్ర తుపాను. ఆ చెప్పే వేగం మూడు నిమిషాల సగటు. మధ్య మధ్య వచ్చే విసురు అంతకంటె ఎక్కువ ఉంటుంది. చెట్టును విరిచేది తరచు ఆ విసురే.

మరొక పొరపాటు కూడా జరుగుతూ ఉంటుంది. “తుపాను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నది” అని వింటాం. “పదిహేనేనా, సైకిలంత వేగం!” అనుకొంటాం. అది తుపాను నడక మాత్రమే. దానిలో తిరిగే గాలి వేగం వేరు. అయితే నడకతోనూ మనకు పని ఉంది. తుపాను 300 కిలోమీటర్ల దూరాన ఉండి, 15 చొప్పున సూటిగా వస్తూ ఉంటే 20 గంటల వ్యవధి. నడక 25కు పెరిగితే 12 గంటలే. పైగా పెనుగాలి కేంద్రానికంటె ముందే వస్తుంది గనుక కొన్ని గంటలు తగ్గించుకోవాలి. ఆ వ్యవధిలోనే మురుగుకాల్వలు తెరవాలి, పశువులను భద్రమైన చోటికి చేర్చాలి, బెల్లం పాకమీది రేకులు బిగించాలి. ఎరువు చల్లడం, మందు కొట్టడం ఆపాలి. చెరకుకు జడచుట్లు మాత్రం ఆ రోజున వేసే పని కాదు. ముందే పూర్తయి ఉండాలి. పడిపోయిన చెరకుకు కళ్లు మొలకెత్తి, రసంలో పంచదార పాలు తగ్గిపోతుంది.

తుపాను లేని రోజుల్లోనూ ఈ లెక్క పనికివస్తుంది. ఆకులు గలగలలాడితే గాలి గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. ఆకులు, సన్న రెమ్మలు ఎడతెగకుండా కదులుతూ ఉంటే 12 దాటినట్టే. అప్పుడు మందు కొడితే పక్క చేనిమీద పడుతుంది. ఇప్పుడు డ్రోన్లతోనూ మందు కొడుతున్నారు. వాటి తెరమీద వేగం సెకనుకు మీటర్లలో కనపడుతుంది. 5 అని ఉంటే గంటకు 18 కిలోమీటర్లన్నమాట. తక్కిన అమరిక మారకుండా వేగం సగమైతే, ఎకరానికి పడే మందు రెట్టింపవుతుంది.

వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. ఈ మూడు సూత్రాలను రైతు సేవా కేంద్రం గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. తుపాను కబురు ఊరికి చెప్పేటప్పుడు అంకె ఒక్కటే చెప్పకండి. ఏ కొలతో, గాలిదో నడకదో కూడా చెప్పండి. రైతు సోదరులారా, వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. అడిగి తెలుసుకొన్న అంకెతోనే పనికి దిగండి.