ఇనాము మొదలు అసైన్‌మెంటు వరకు: సర్కారు ఇచ్చిన భూమి, దాని షరతు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఏ పల్లెకు పోయి పెద్దలను అడిగినను, ఊరి భూమిని వారు ఒక్క పేరుతో పిలువరు. ఇది ఇనాము, అది లావణి, ఆ గుట్ట క్రిందిది సర్కారు పట్టా, దాని ప్రక్కది బంచరాయి అని వేరువేరుగా చెప్పుదురు. ఈ పేర్లు ఊరక పుట్టినవి కావు. ఒక్కొక్క పేరు వెనుక ఒక ప్రభుత్వము, అది ఆ భూమిని ఇచ్చిన కారణము, ఇచ్చునపుడు విధించిన షరతు ఉన్నవి. కారణమును మరచినవారికి నష్టము లేదు గాని, షరతును మరచిన కుటుంబములు భూమినే పోగొట్టుకొనినవి. కనుక ఈ కథను కొంత విపులముగా తెలిసికొనుట రైతు సోదరులకు అవసరము.

పూర్వము రాజుల యొద్ద రొక్కము తక్కువ, బీడు భూమి ఎక్కువ. సేవ చేసినవానికి, చేయవలసినవానికి భూమిచ్చుటయే సులభమైన మార్గము. పండితులకు అగ్రహారములు, దేవాలయములకు మాన్యములు ఇచ్చిన సంగతి శాసనముల వలన అందరికిని తెలిసినదే. అంతకంటె మన మెట్ట ప్రాంతమునకు ఉపకరించినది దశబంధము. చెరువు త్రవ్వించినవానికో, తెగిన కట్టను బాగు చేయించినవానికో ఆ చెరువు క్రింది భూమిలో గాని, దాని ఆదాయములో గాని కొంత భాగమును ఇనాముగా ఇచ్చెడివారు. పదియవ వంతు అను అర్థము ఆ పేరులోనే ఉన్నది. కట్టను కాపాడుచున్నంత కాలము ఇనాము చెల్లును, కాపాడనిచో చెల్లదు. ఇచ్చిన దానికిని, చేయవలసిన పనికిని ఇంత సూటియైన సంబంధము గల దానము మరియొకటి కనబడదు.

ఊరి పనివారి ఇనాములును ఇట్టివే. చెరువు నీరు పారించు నీరటి మొదలుకొని వడ్రంగి, కమ్మరి వరకు గ్రామసేవ చేయువారికి చిన్న చిన్న తుండ్లు ఉండెడివి. వీనిని నిజాం రాజ్యములో బలోతా ఇనాములనిరి. పని తండ్రి నుండి కొడుకునకు వచ్చినట్లే భూమియు వచ్చెను. భూమి ఉన్నది గదా యని పనిని మానుటకు వీలులేని కట్టు కూడ దానితోనే వచ్చెనని చెప్పక తప్పదు.

జాగీరు వేరు. జాగీరుదారునకు ప్రభువు ఇచ్చినది నిజమునకు భూమి కాదు, ఆ గ్రామముల శిస్తును వసూలు చేసికొను హక్కు. సైన్యమును పోషించుటకో, ఉద్యోగమునకు జీతముగనో, కేవలము అనుగ్రహముగనో ఇచ్చెడివారు. చట్టము ననుసరించి జాగీరు ఆ మనుష్యుని జీవితకాలమునకే. అతడు మరణించిన పిమ్మట వారసుడు ప్రభుత్వము నుండి మరల మంజూరు పొందవలెను. ఆచరణలో మాత్రము అది తాతల ఆస్తివలె సాగెను. హైదరాబాదు రాజ్యములో సుమారు మూడవ వంతు ఈ విధముగా జాగీరుల క్రింద ఉండెను. సంస్థానములు మరియొక తరగతి. ఇవి ప్రభువునకు పేష్కషు చెల్లించుచు తమ గ్రామములను తామే ఏలుకొనెడివి. మన జిల్లాలోని దోమకొండ అట్టి సంస్థానమే. కామారెడ్డి పట్టణమునకు ఆ పేరు దోమకొండ ఏలిన కామిరెడ్డి వలన వచ్చినదని చెప్పుదురు. దోమకొండ కోటకు జరిగిన పునరుద్ధరణ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది.

ఇక ఊరు కట్టించుటకై ఇచ్చిన భూమి సంగతి. అడవి కమ్మినట్టియు, కరవునకు జనము లేచిపోయినట్టియు గ్రామములను సర్కారు ఒకనికి ఇజారాకు ఇచ్చెడిది. మొదట శిస్తు స్వల్పము. పొలము సాగులోనికి వచ్చిన కొలది అది ఏటేట పెరుగును. ఇట్టి పెరుగుడు శిస్తు కౌలును ఇస్తావా అనిరి. ఇజారాదారుడు రైతులను పిలిపించి, ఎద్దులకు, విత్తనములకు అప్పిచ్చి, ఊరు నిలబెట్టవలెను. ఊళ్లు నిలిచినవి. అయితే పొదలు నరికి రాళ్లు ఏరిన చేతులు ఒకరివి, పట్టాకెక్కిన పేరు తరచుగా మరియొకరిది. తెలంగాణములోని భూతగాదాలలో అనేకము ఇచ్చటనే మొదలైనవని ఈ రచయిత అభిప్రాయము.

ఈ పద్ధతి మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో 1862 నాటి హోంస్టెడ్ చట్టము ఒక్కొక్క కుటుంబమునకు 160 ఎకరములు చూపి, అయిదేండ్లు అచ్చట నివసించి సాగు చేసినచో సొంతమని చెప్పెను. ఆ భూములలో అంతకు ముందే ఆదివాసులున్నారన్న మాటను ఆ చట్టము లెక్కింపలేదు. పంజాబులో ఆంగ్ల ప్రభుత్వము కాలువలు త్రవ్వి, ఆ బీళ్లను సిపాయిలకును, రైతులకును పంచెను. కొందరికి గుఱ్ఱములను పెంచవలెనన్న షరతు కూడ ఉండెను. 1907లో షరతులను మరింత బిగింపబూనగా రైతులు పెద్ద ఆందోళన చేసిరి. వైస్రాయి ఆ బిల్లును ఆమోదింపక త్రోసివేసెను.

మన ప్రాంతములోను పెద్ద కాలువ వచ్చెను. మంజీరానదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ 1923లో ఆరంభమైన నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. దానికి సారథ్యము వహించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దాని ఆయకట్టు 2,75,000 ఎకరములుగా నిర్ణయింపబడెను. అయితే పంజాబు బీళ్లవలె ఈ భూములు ఖాళీగా లేవు. పెక్కింటికి అప్పటికే పట్టాదారులున్నారు. మాగాణి సేద్యమునకు కావలసిన పెట్టుబడియు, అలవాటును స్థానిక రైతులలో అనేకులకు లేకుండెను. కోస్తా జిల్లాల నుండి వరి సాగు తెలిసిన రైతులు వచ్చుటను ప్రభుత్వము ప్రోత్సహించెను. వారు చాలవరకు కొనుగోలు చేసియే స్థిరపడిరి. బాన్సువాడ, బోధన్ వైపు నేటికిని క్యాంపులనబడు పల్లెలు వారివే. కాలువ నీరు పారినది పల్లమునకు. కామారెడ్డి మెట్టకు చెరువు, బావియే దిక్కయ్యెను. పోలీసు చర్య తరువాత పేదలకు ఇచ్చుటకు సర్కారు చేతిలో మిగిలినది ఇట్టి మెట్టయు, గుట్టల అంచున గల గరప నేలయు.

1949 ఆగస్టులో జాగీరులు రద్దయినవి. 1955లో వచ్చిన చట్టము ఇనాములను రద్దు చేసెను. ఇనాము భూమి ప్రభుత్వపరమైనను, దానిని దున్నుచున్న ఇనాముదారునకు గాని కౌలుదారునకు గాని అర్హతను బట్టి స్వాధీన హక్కు పత్రమును పొందు అవకాశము కలిగెను. దీనినే కచ్చేరీలో ఓఆర్‌సీ అందురు. ఆర్డీఓ దీనిని జారీ చేయును. దరఖాస్తు పెట్టుకొనక ఊరకున్న కుటుంబముల భూమి ఏండ్ల తరబడి పహాణీలో ఇనాముగనే నిలిచిపోయెను. తండ్రి దున్నెను, మేము దున్నుచున్నాము అను మాట ఒక్కటే బ్యాంకు రుణమునకు చాలదు.

లావణి యనగా సర్కారు బంజరును సాగు నిమిత్తము పట్టా చేయుట. 1950 లావణి నియమములలో వేలము వేసి ధర కట్టించుకొని ఇచ్చు పద్ధతి ఒకటి, భూమిలేని పేదలకు ఇచ్చు ప్రత్యేక పద్ధతి ఒకటి ఉండెను. తరువాత 1958 జూలై 25 నాటి 1406వ నంబరు ఉత్తర్వు తెలంగాణ ప్రాంతమునకు కొత్త విధానమును తెచ్చెను. ఆ ఉత్తర్వు ప్రకారము పేదలకు ఇచ్చిన భూమిని వారసులు అనుభవింపవచ్చును గాని అమ్మరాదు. అందువలన ఒకే గట్టునకు అటునిటు ఉన్న రెండు లావణి పట్టాల హక్కులు ఒక్కటి కాకపోవచ్చును. ఒకటి ధర చెల్లించి పొందినది, మరియొకటి ఉచితముగా పొందినది. అసలు పత్రములోని షరతు చూడక ఏదియు నిర్ణయింపరాదు.

అమ్మరాదన్న షరతు ఉన్నను అమ్మకములు ఆగలేదు. పెండ్లికో, వైద్యమునకో, బోరు వేయించిన అప్పునకో పేదవాడు తెల్లకాగితముపై సాదాబైనామా వ్రాసి ఇచ్చెను. దీనిని అరికట్టుటకు 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టము వచ్చెను. దాని ప్రకారము అట్టి అమ్మకము చెల్లదు. అధికారులు భూమిని స్వాధీనము చేసికొని, అసలు పొందినవానికి గాని వారసులకు గాని తిరిగి ఇప్పింపవచ్చును. అయితే ఇట్లు తిరిగి ఇచ్చుట ఒక్క మారే. రెండవ మారు అమ్మినచో అది వారికి రాదు. చట్టము రాకముందే మంచి విశ్వాసముతో వెల యిచ్చి కొన్న భూమిలేని పేదకు మాత్రము మినహాయింపు కలదు. మాజీ సైనికులకు సేవకు ప్రతిఫలముగా ఇచ్చిన భూమి విషయము వేరు: పది సంవత్సరములు గడచిన పిమ్మట దానిని అమ్ముకొనుటకు 1993లో ఉత్తర్వు వచ్చినది.

ఈ చట్టము పేదను కాపాడునా, కట్టివేయునా అను వాదము ఉన్నది. ప్రక్క పట్టాదారు తన ఎకరమును చూపి పెద్ద అప్పు తెచ్చుకొనుచుండగా, అసైన్డు రైతు దానిని మార్కెటు ధరకు అమ్మజాలడు. ఆ బాధ నిజమైనదే. కాని షరతు లేనిచో గుట్టల క్రింది ఆ రెండు మూడెకరములు ఈపాటికి ఎవరి పేర ఉండెడివో ఊరివారిని అడిగిన తెలియును.

కొనువారు గాని, పంచుకొను అన్నదమ్ములు గాని మొదట సర్వే నంబరును పట్టుకొని సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, పట్టా మంజూరు కాగితము అను మూటిని తహసీలు కార్యాలయము నుండి నకలు తీసికొనవలెను. 2025 నాటి భూభారతి చట్టము వచ్చిన తరువాతను, భూమి పూర్వ స్వభావము తేలునది ఈ పాత కాగితములతోనే. అవి ఉర్దూలో ఉండవచ్చును, సంవత్సరము ఫసలీలో ఉండును. ఫసలీకి 590 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తు శకము వచ్చును. 1317 ఫసలీ యనగా 1907 అని గ్రహింపవలెను. కాగితము మీది అంకె 1368 దాటినచో అది 1958 ఉత్తర్వు తరువాతిది.