పళ్లు లేనివారికీ యాపిల్

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మా అత్తయ్యను చూడ్డానికి వారంలో పదిమంది వచ్చారు. ఎనిమిదిమంది చేతుల్లో యాపిల్స్ సంచీలే. ఫ్రిజ్ కింది అర నిండిపోయింది. శుభ్రంగా కోసి ముక్కలు ముందు పెడితే ‘పళ్లు లేనిదానికి పళ్లెందుకే?’ అని ప్లేటు పక్కకు నెట్టేశారు. కట్టుడు పళ్లున్నా గట్టి ముక్క కొరికితే చిగుళ్లు ఒరుసుకుపోతాయట.

చాలా ఇళ్లలో జరిగేదిదే. నమల్లేక పెద్దవాళ్లు పండ్లు మానేస్తారు. చారన్నం, పాలు, బిస్కట్లతో సరిపెట్టుకుంటారు. పీచు తగ్గి మలబద్ధకం మొదలవుతుంది. జ్యూస్ ఇస్తున్నాం కదా అనుకుంటాం. వడకట్టాక పీచులో ఎక్కువ భాగం పిప్పితోనే పోతుంది. దానికన్నా పండును మగ్గబెట్టి పెట్టడం మేలు.

రెండు మధ్యరకం యాపిల్స్ కడిగి, గింజల భాగం తీసేసి అంగుళం ముక్కలు కోయండి. మందపాటి గిన్నెలో చెంచా నెయ్యి వేడిచేసి చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు వేయండి. ముక్కలు, మూడు పెద్ద చెంచాల నీళ్లు వేసి మూతపెట్టి సన్నని సెగమీద ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచండి. చెంచాతో నొక్కితే ముక్క అణగాలి. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. లవంగాలు, చెక్క ఏరేయడం మర్చిపోవద్దు. నీళ్లు ఎక్కువ పోస్తే రుచి నీళ్లలోకి పోతుంది. కొరికితే పిండిపిండిగా ఉందని ఎవరూ ముట్టని పండు దీనికి చక్కగా పనికొస్తుంది.

పంచదార వద్దు. మగ్గేసరికి పండు తీపే సరిపోతుంది. భోజనం తర్వాత కమ్మని పెరుగుతో కలిపి తింటే ఐస్‌క్రీమ్ అడిగే పిల్లలూ ఊరుకుంటారు (రోజూ కాదులెండి). చపాతీలోకో పెసరట్టులోకో కావాలంటే దాల్చినచెక్క, లవంగాలు మానేసి, నేతిలో జీలకర్ర, అల్లం తురుము వేయించి, చివర్లో చిటికెడు ఉప్పు, మిరియాలపొడి చల్లండి. పుల్లగా ఉండే ఆకుపచ్చ యాపిల్ అయితే ఇంకా బాగుంటుంది.

ఉడికిస్తే పోషకాలు పోవా అని అడుగుతారు. విటమిన్ సి కొంత పోతుంది. యాపిల్‌లో అది మొదటినుంచీ తక్కువే, జామకాయతో పోలికే లేదు. మనకు కావలసిన పీచు మాత్రం ఎక్కడికీ పోదు. అందులో పెక్టిన్ అనే కరిగే రకం మలాన్ని మెత్తబరుస్తుంది. తొక్కలోనూ పీచు ఉంటుంది కాబట్టి నమలగలిగినవాళ్లకు చెక్కు తీయకండి. అత్తయ్యలాంటివాళ్లకు తీయాల్సిందే.

మధుమేహం ఉన్నవాళ్లు కొంచెం ఆగాలి. 150 గ్రాముల పండులో దాదాపు 15 గ్రాముల చక్కెర ఉంటుంది. ఉడికిస్తే అది తగ్గదు. పైగా గుజ్జు చేస్తే రక్తంలోకి త్వరగా చేరుతుంది. వీళ్లు తొక్కతోనే, ముక్కలుగానే, సగం పండుతో ఆపాలి.

పసిపిల్లల విషయంలో ఇది రుచి సంగతి కాదు, ప్రాణం సంగతి. నాలుగేళ్లలోపు పిల్లలకు పచ్చి యాపిల్ గట్టి ముక్క గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. ఆరు నెలలు నిండి ఘనాహారం మొదలుపెట్టిన బిడ్డకు చెక్కు తీసి, ఆవిరిమీద మెత్తగా ఉడికించి మెదిపి పెట్టండి. ఉప్పు, పంచదార వేయొద్దు. ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు. పక్షవాతం వచ్చి, తింటున్నప్పుడు పొలమారే పెద్దలకు ఏది ఎంత మెత్తగా పెట్టాలో డాక్టర్‌నే అడగాలి.

ఒక మాట. దెబ్బ తగిలి గోధుమరంగు మచ్చ పడితే అంతవరకు కోసేయొచ్చు. బూజు పట్టినా, లోపల కుళ్లినా పండంతా పారేయాల్సిందే. బూజు వదిలే విషపదార్థం ఉడికించినా పూర్తిగా పోదు. ‘ఇంత ఖరీదు పెట్టి తెచ్చారు’ అని నేనూ ఒకటి చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాను. చెత్తబుట్టలోనే వేశాను.

మిగిలినవి మగ్గబెట్టి గిన్నెలో పెట్టిస్తే అత్తయ్య మొదట చెంచాతో కెలికారు. తర్వాత గిన్నె ఖాళీ అయింది. ఇప్పుడు నాలుగింటికి టీ కన్నా ముందు దాన్నే అడుగుతున్నారు.